చిట్లిన బూరెలు

జపాన్‌లో ఋతువును బట్టి బన్నుల లోపలి తీపి మారుతుంది. శరత్తులో చెస్ట్‌నట్ ముద్ద, వసంతంలో చెర్రీ పువ్వు. పరిశోధన కోసం టోక్యో వచ్చాక, ఉగాది రోజుల్లో గింజాలోని కిమురాయాలో చెర్రీ పువ్వు అన్‌పాన్ కొనుక్కోవడం నాకు అలవాటైంది. ఉడికించిన ఎర్ర అజుకి గింజల్ని చక్కెరతో ముద్ద చేసి లోపల పెడతారు. అచ్చం మన పూర్ణమే. 1874లో ఆ దుకాణంవాళ్లు దీన్ని తయారుచేశారు. 1875 ఏప్రిల్ 4న మేజీ చక్రవర్తికి సమర్పించినప్పుడు నడుమ ఉప్పులో ఊరిన చెర్రీ పువ్వు అద్దారు. తీపి మధ్య ఆ ఉప్పన తగిలితే నాకు పచ్చడిలోని వేపపువ్వు గుర్తొస్తుంది.

ఆ వెనకే అమ్మ. చీకటితో లేచి శనగపప్పు ఉడికించి, వార్చి, బెల్లంతో రుబ్బి బూరెలు వేసేది. నైవేద్యమయ్యాక తాతయ్య, నాన్న, బాబాయిలు, తర్వాత పిల్లలం. మూడింటికి అమ్మ, నాయనమ్మ కూర్చునేసరికి మిగిలేవి నూనెలో చిట్లి పూర్ణం కారిపోయినవే. "నాకు చిట్లినవే ఇష్టం" అనేది అమ్మ.

'అమ్మ చేతి రుచి' అని మన సాహిత్యం మురిసినప్పుడల్లా ఆ చేతికి దక్కిన రుచేమిటని అడగాలనిపిస్తుంది. చక్రవర్తికిచ్చిన తేదీ అందరూ చెబుతారు. పూలు కోసి ఊరేసిన చేతుల ఊసు ఆ కథలో వినబడదు.

నా సంపాదనతో కొని, ఎవరికీ వడ్డించకుండా, ఆకలి వేళకే తింటాను. ఇది స్వార్థమని నేననుకోను. ఫోనులో అమ్మకి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది, "చిట్లలేదు కదా?"