సంభాషణే కళ

చిత్రకారుడు అనగానే ఏకాంతంలో కుంచె పట్టుకొని కూర్చున్న వ్యక్తి మనసులో మెదులుతాడు. చిత్రం పూర్తికాగానే దాని మూలన సంతకం చేయడం అతని హక్కు. రంగు, కుంచె, సంతకం లేకుండా కళ ఉండగలదా? 1960వ దశకం చివరిభాగంలో ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో కొందరు కళాకారులు ఈ ప్రశ్నను వదలకుండా వెంబడించారు.

టెర్రీ అట్కిన్‌సన్, మైకేల్ బాల్డ్విన్‌లకు 1966లో అక్కడి కళాశాలలో స్నేహం కుదిరింది. డేవిడ్ బెయిన్‌బ్రిడ్జ్, హెరాల్డ్ హరెల్ వారికి తోడయ్యారు. కళ అంటే ఏమిటన్న చర్చ వారికి నిత్యకృత్యమైంది. 1967లో అట్కిన్‌సన్, బాల్డ్విన్ కలసి ఒక దేశపటాన్ని రూపొందించారు. అందులో అమెరికాలోని అయోవా, కెంటకీ రాష్ట్రాల సరిహద్దురేఖలు తప్ప మరేమీ కానరావు. చూపని ప్రాంతాల పేర్లు మాత్రం క్రింద వరుసగా ఉంటాయి. చూపడానికి పుట్టిన పటమే చూపడం మానివేస్తే, కంటికీ మాటకూ గల బంధమేమిటో చూపరి ఆలోచించక తప్పదు.

1968లో ఆ నలుగురూ ‘ఆర్ట్ అండ్ లాంగ్వేజ్’ అనే పేరుతో ఒక్కటయ్యారు. వ్యక్తుల సంతకాల స్థానంలో బృందం పేరు నిలిచింది. 1969 మే నెలలో వారి పత్రిక ‘ఆర్ట్-లాంగ్వేజ్’ తొలి సంచిక వెలువడింది. ఈ సంపాదకీయమే ఒక కళాఖండం కారాదా అని దాని సంపాదకీయం ప్రశ్నించింది. వస్తువు కన్న భావమే ప్రధానమని చాటే భావనాకళకు ఆ పత్రిక వేదికగా నిలిచింది.

ఆ ఏడాదే వారు కళాశాలలో కళాసిద్ధాంత బోధన ప్రారంభించారు. విద్యార్థులు బొమ్మలకు బదులు వ్యాసాలు వ్రాయసాగారు. కంటికి కనిపించే కళావస్తువు ఉంటేనే పట్టా అని కళాశాల పట్టుబట్టింది. 1971లో ఆ బోధన ఆగిపోయింది. నమ్మిన భావానికి గురువులూ శిష్యులూ చెల్లించిన మూల్యమది.

అయినా చర్చ ఆగలేదు. న్యూయార్క్‌లోని ఇయాన్ బర్న్, మెల్ రామ్స్‌డెన్ వారితో చేరారు. 1972లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగిన ఐదవ ‘డాక్యుమెంటా’ ప్రదర్శనలో బృందం ఎనిమిది ఫైలు పెట్టెలను ఉంచింది. వాటినిండా సభ్యుల రచనలే. ఏ రచన దేనితో ఏకీభవిస్తున్నదో, దేనితో విభేదిస్తున్నదో, వేటికి పోలికే కుదరదో గోడలమీది సూచిక తెలిపింది. తమ అభిప్రాయభేదాలను దాచుకొనక లోకం ముందుంచిన నిజాయితీ అందులో ఉన్నది.

ఆ భేదాలే ముదిరి 1970వ దశకం మధ్యలో పలువురు విడిపోయారు. తరువాత బాల్డ్విన్, రామ్స్‌డెన్ ఆ పేరును నిలబెట్టారు. వాదే వాదే జాయతే తత్త్వబోధః అన్నారు పెద్దలు. వాదంలో తత్త్వమే కాదు, కళ కూడా పుడుతుందని కొవెంట్రీ మిత్రులు నిరూపించారు. ‘నాది’ అన్న మాటను విడిచిపెట్టగలిగినవారికే అది సాధ్యమైంది.