ఎసరులో పసుపు

పోయిన ఏడాది మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉంది. నేను ఇక్కడ ఓ ఆసుపత్రి ల్యాబులో పని చేస్తాను. "రోజంతా అక్కడ ఏం చేస్తావే?" అని అమ్మ అడిగినప్పుడల్లా "రక్తపరీక్షలమ్మా" అని తప్పించుకునేదాన్ని. స్కూల్లో సైన్స్ ఫెయిర్ అంటూ మా అమ్మాయి కూడా అదే ప్రశ్న వేసేసరికి ఇక తప్పలేదు.

ఆ సాయంత్రం అమ్మ గాజు గిన్నెలో పప్పుకి ఎసరు పెట్టి, చిటికెడు పసుపు వేసింది. నీళ్లింకా మరగలేదు. పసుపు మాత్రం మధ్యలో పైకి లేచి, అంచుల వెంట దిగి, మళ్లీ లేస్తోంది.

"అమ్మమ్మా, ఎవరూ కలపకుండానే తిరుగుతోంది!" అంది మా అమ్మాయి.

"అడుగున కాగిన నీళ్లు తేలికై పైకొస్తాయి. పైన చల్లారినవి బరువై దిగుతాయి. నేను చేసే పని కూడా ఇలా చేయొచ్చు" అన్నాను.

ల్యాబులో మేం చేసేది పీసీఆర్. కేరీ మల్లిస్‌కి 1983లో తట్టిన ఆలోచన ఇది. 1993లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది. డీఎన్ఏ రెండు పురుల తాడు లాంటిది. 95 డిగ్రీల వేడిలో పురులు విడిపోతాయి. 60 డిగ్రీల దగ్గర ప్రైమర్లనే చిన్న ముక్కలు వాటికి అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర ఓ ఎంజైము మిగతా పురిని అల్లేస్తుంది. అంత వేడికీ చెడని ఆ ఎంజైము, మనం పిల్లల్ని తీసుకెళ్లి చూపించే ఎల్లోస్టోన్ వేడినీటి గుండాల్లో దొరికిన బాక్టీరియాది. ఒక చుట్టుకి ఒకటి రెండవుతుంది. ముప్పై చుట్లకి వంద కోట్లు దాటుతుంది. అప్పుడు రక్తంలో దాక్కున్న క్రిమి జాడ తెలుస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, మా యంత్రం ఓ లోహపు దిమ్మెని ప్రతి చుట్టుకీ కాచాలి, చల్లార్చాలి. కరెంటూ కావాలి, సమయమూ కావాలి. 2002లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన మాధవి కృష్ణన్, విక్టర్ ఉగాజ్, మార్క్ బర్న్స్ వేరే దారి చూపించారు. చిన్న గొట్టం అడుగుని వేడిగా, పైభాగాన్ని దానికన్నా చల్లగా ఉంచితే చాలు, ద్రవం తనంతట తానే తిరుగుతూ మూడు వేడిమి దశలూ దాటుతుందని. అచ్చం అమ్మ ఎసరే, కాకపోతే మరగకూడదు. 2016లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి పరికరాన్ని చిన్న డ్రోన్ మీద పెట్టి, ఫలితాన్ని ఫోన్లో చూశారు.

అంత సులువేమీ కాదు. గొట్టం ఎత్తుకీ వెడల్పుకీ లెక్క కుదరకపోతే ప్రవాహం సరిగా సాగదు. మా ల్యాబులో ఇప్పటికీ దిమ్మె యంత్రమే.

అమ్మ అంతా విని, పప్పు కడిగి ఎసట్లో పోసింది. చాలాసేపు మాట్లాడలేదు.

1994లో నాన్నకి జ్వరం వచ్చింది. ఏం జ్వరమో మా ఊళ్లో ఎవరికీ అంతు పట్టలేదు. రక్తం పట్నానికి పంపారు. రిపోర్టు పదో రోజున వచ్చింది. అప్పటికి నాన్న పోయి మూడు రోజులు. అమ్మ ఆ కవరు చాలా ఏళ్లు విప్పలేదు.

"మీ నాన్నగారప్పుడు ఇది ఉండి ఉంటే?" అంది చివరికి.

ఏం చెప్పను? పరీక్ష మందు కాదు. "బతికేవారని చెప్పలేనమ్మా. కానీ ఏం జబ్బో ఆ రోజే తెలిసేదేమో. ఏ మందు వేయాలో డాక్టరుకి తెలిసేది" అన్నాను.

అమ్మ తలూపింది. "అయితే నీ పని రక్తపరీక్షలు కాదే. ఆ పది రోజుల్ని తగ్గించడం" అంది.

మా అమ్మాయి సైన్స్ ఫెయిర్‌లో గాజు గిన్నె, పసుపు పెట్టింది. ప్రైజేం రాలేదు. బోర్డు మీద మాత్రం అమ్మమ్మ మాటనే ఇంగ్లీషులో రాసుకుంది.