స్పిండిల్ స్పీడూ, టర్బో స్పీడూ: కోయంబత్తూరు వీధుల్లో ఒక వారం

కోయంబత్తూరుకి చుట్టపు చూపుగా వచ్చిన మనవాళ్ళు మరుదమలై ఎక్కుతారు, పేరూరు గుడి చూస్తారు, ఒకరోజు ఎక్కువుంటే ఊటీ పోయి వస్తారు. ఈ ఊళ్ళో చూడాల్సింది ఇంకొకటి ఉంది. అది గణపతి, పీలమేడు, సింగనల్లూరు వైపు సందుల్లో, లేతు షాపుల మధ్య, షట్టర్ సగం ఎత్తి ఉంటుంది. లోపల కార్లు జాకీల మీద నిలబడి ఉంటాయి. కొన్నవాటిని కొన్నట్టు వదలకుండా, ఇంకా జోరుగా పరిగెత్తేట్టు చేయించుకునే కుర్రాళ్ళు అక్కడికి వస్తారు.

ఈ పని ఈ ఊళ్ళోనే ఎందుకు పెరిగిందంటే దానికి మూలం మన మిల్లులే. ఫ్రేముకి కావలసిన స్పేర్లు చేయడానికి లేతులొచ్చాయి, లేతుల వెనక ఫౌండ్రీలు, ఆ వెనక పంపులు, మోటార్లు. జి.డి. నాయుడుగారు, బాలసుందరం నాయుడుగారు కలిసి 1937లో దేశంలోనే మొదటి ఎలక్ట్రిక్ మోటారు ఇక్కడ చేశారు. తర్వాత లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ మారుతి 800 ఇంజన్ పెట్టి ఫార్ములా మారుతి అనే రేసు కారు తయారుచేశాడు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. మన ఊరి నారాయణ్ కార్తికేయన్ కుర్రతనంలో ఆ ఫార్ములా మారుతిలోనే పోటీలకు దిగి, 2005లో ఫార్ములా వన్ దాకా పోయాడు. ఇవన్నీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే ఇళ్ళ కథలే.

నా మేనల్లుడు పాత పోలో జీటీ టీఎస్ఐ ఒకటి కొన్నాడు. 1.2 లీటర్ల టర్బో ఇంజన్, 105 గుర్రాల శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్క్. అది చాలలేదు వాడికి. పెద్ద టర్బో వేయించాలి, బండిని కిందకి దించాలి అని పట్టు. డబ్బు మా అక్కది. మిల్లు మూసినప్పుడు వచ్చిన సెటిల్మెంటులో, పైకప్పు పోయించడానికి దాచిన 2 లక్షలు. అక్క నాతో ఒకటే మాట అంది: "నువ్వు ఫ్రేములు విప్పి బిగించినోడివి కదరా. వాడితో పోయి చూడు. పనికొచ్చేదైతే ఇస్తాను, లేకుంటే లేదు."

మొదట గణపతిలో టర్బో మనిషి దగ్గరికి పోయాం. ఆయన మనవాడే, కుర్చీ వేసి కాఫీ తెప్పించాడు. "అన్నా, మీకు మిల్లు భాషలోనే చెబుతా" అన్నాడు. ఇంజన్ బయటికి తోలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండో చక్రం గాలిని నొక్కి లోపలికి పంపుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరుగుతుంది. మన రింగ్ ఫ్రేము స్పిండిల్ 20 వేలు తిరిగితేనే గొప్ప!

నాకు విషయం అక్కడే పట్టుబడింది. స్పిండిల్ స్పీడు పెంచమని ఆఫీసరు ఆర్డరిస్తే ఏమయ్యేది? ట్రావెలర్ వేడెక్కి కాలేది, నూలు తెగేది, సైడర్ అమ్మాయిలు అతుకులేయలేక ఏడ్చేవాళ్ళు. స్పీడు పెంచాలంటే రింగు, ట్రావెలర్, డిపార్టుమెంటులో తేమ, అన్నీ దానికి తగ్గట్టు మారాలి. టర్బో కూడా అంతే. పెద్ద టర్బో పెడితే నొక్కిన గాలి వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెద్దది కావాలి. ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు చాలకపోతే మార్చాలి. కంప్యూటర్ లెక్క తిరగరాయాలి. తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే ఇంజన్ కొట్టుకునే ప్రమాదం ఉంది, ఎక్కువ ఆక్టేన్‌ది వెతుక్కోవాలి. పైగా పెద్ద చక్రం తిరగడం అందుకోవడానికి టైము పడుతుంది. సిటీలో పెడల్ నొక్కినా బండి వెంటనే లేవదు.

"గేరుబాక్సు మాటేమిటి?" అనడిగాను. ఆయన నవ్వాడు. "అసలు ప్రశ్న అదే అన్నా." ఆ బండిలో ఉన్నది పొడి క్లచ్చుల ఏడు గేర్ల డీఎస్‌జీ. దాన్ని 250 న్యూటన్ మీటర్ల వరకే అని కట్టారు. పెద్ద టర్బో ఆ గీత దాటిస్తే క్లచ్చులు తినేస్తుంది. అప్పుడు అయ్యే ఖర్చు టర్బో ఖర్చు మీద ఇంకొకటి. తన గిరాకీ పోతుందని తెలిసీ ఆ మాట చెప్పాడు, నేను మర్చిపోను.

మర్నాడు సింగనల్లూరు. ఇక్కడ స్ప్రింగులు, షాకబ్సర్లు. స్ప్రింగు బరువు మోస్తుంది, షాకబ్సర్ ఆ స్ప్రింగు ఊగకుండా పడుతుంది. రెంటికీ జోడీ కుదరాలి. చవగ్గా పొట్టి స్ప్రింగులు మాత్రం వేసి పాత షాకబ్సర్లు ఉంచితే, అవి సగం కుదించుకునే పనిచేస్తాయి. గుంత తగిలితే రబ్బరు స్టాపరు మీద పడి ఎగురుతాయి. కాయిలోవర్ అయితే ఎత్తు తిప్పుకోవచ్చు, కానీ మంచిది ఖరీదు. పైగా దించిన ప్రతిసారీ చక్రాల అలైన్‌మెంట్ చూపించాలి, లేకుంటే టైరు లోపలి అంచు తినేస్తుంది. ఆయన మా బండి కింద దూరి చూసి, ముందు రెండు షాకబ్సర్లూ ఆయిల్ కారుతున్నాయని చూపించాడు. వాడు ఇన్నాళ్ళూ ఆ బండి మీదే ఇంకా స్పీడు కావాలనుకుంటున్నాడు!

మూడో రోజు పోదనూరు దాటి చెట్టిపాళయం పోయాం. కొబ్బరి తోటలు దాటాక కరి మోటార్ స్పీడ్‌వే. 2003లో తెరిచారు, కరివర్ధన్ పేరే పెట్టారు. రెండు కిలోమీటర్ల పైచిలుకు ట్రాక్. కంచె దగ్గర నిలబడి గంటసేపు చూశాం. తిన్నని దారిలో ముందుకు దూకిన బండి మలుపు దగ్గర వెనకబడుతోంది. మలుపులో నేలను పట్టుకున్నది తర్వాతి దారిలో దాన్ని దాటేస్తోంది. మేనల్లుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మామా, ముందు టైర్లు, బ్రేకులేనా?" అన్నాడు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇన్సూరెన్సు వాళ్ళకు చెప్పకుండా మారిస్తే, క్లెయిమ్ వేళ గొడవ.

మేం చేయించింది ఇది: కంపెనీ కొలతకే కొత్త షాకబ్సర్లు నాలుగు, టైర్లు నాలుగు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్, అలైన్‌మెంట్. బండి దించలేదు, టర్బో ముట్టుకోలేదు. అక్క డబ్బులో ఎక్కువ భాగం బ్యాంకులోనే ఉంది. పైకప్పు పని తై మాసంలో మొదలు. వేగం రుచి చూడాలంటే ట్రాక్ రోజున ఫీజు కట్టి చెట్టిపాళయంలో తిప్పుకో, అవినాశి రోడ్డు మీద కాదు అని వాడికి చెప్పాను. ఒప్పుకున్నాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి కుర్రాడుంటే కోప్పడకండి, వెంట పోండి. షాపువాణ్ణి మూడు అడగండి: దీనివల్ల బరువు దేనిమీద పడుతుంది? అది ఎంతవరకు ఓర్చుకుంటుంది? చెడిపోతే ఖర్చెంత? మూడింటికీ తిన్నగా జవాబిచ్చినవాడి దగ్గరే బండి ఆపండి.