రాతి మీద పేరు

"అన్నా, నన్ను ఫోటోల పెట్టకు. ఫేస్‌బుక్‌ల అయితే అసలే పెట్టకు."

మొన్న ఈస్టర్ పొద్దున, బోధన్ వైపు మా ఊరి సమాధుల కాడ మా చిన్నాయన కొడుకు అన్న మాట ఇది. వాడి చేతిలో కొవ్వొత్తి వెలుగుతోంది. సరే అని ఫోన్ జేబులో పెట్టుకున్నాను. కానీ ఆ మాట నిజామాబాద్ బస్సులో కూడా నన్ను వదల్లేదు. అందుకే ఈ వారం ఇది రాస్తున్నా. ఊరి పేరు రాయను, వాడి పేరు రాయను.

తెలియని మిత్రుల కోసం చెప్తా. క్రిస్మస్ ఊరందరికీ కనిపించే పండుగ. ఇంటి ముందు నక్షత్రం, కేకు, కొత్త బట్టలు. ఈస్టర్ అట్లా కాదు. నలభై రోజుల శ్రమకాలం, మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే దాటాక శనివారం నాడు అమ్మ సున్నం బకెట్, చీపురు పట్టుకుని సమాధుల కాడికి పోతుంది. ముళ్ళకంప నరికి, గడ్డి పీకి, సున్నం వేస్తుంది. ఆదివారం ఇంకా తెల్లవారక ముందే ఇంటిల్లిపాదీ పూలు, కొవ్వొత్తులు పట్టుకుని పోతాం. చీకట్లో సమాధులన్నీ వెలుగుతుంటాయి. అక్కడే ప్రార్థన. ఇంటికొచ్చాక బగారా అన్నం, మటన్. మా ఇంట్లో ఈస్టర్ అంటే చచ్చిపోయినవాళ్ళ దగ్గరికి పోయి రావడమే.

అక్కడ మా నాయనమ్మ ఉంది. చెరుకు కొట్టిన మనిషి. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చలికాలం అంతా చెరుకు తోటలే. ఎండలు ముదిరేసరికి పని అయిపోయేది, ఈస్టర్ వచ్చేది. చెరుకాకు కోసిన గీతలతో ఉన్న చేతులతోనే వాళ్ళమ్మ సమాధి మీద పూలు పెట్టేది. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డది. ఆమె కూలి వరి నాట్లకు, పసుపు చేన్లకు మళ్ళింది.

మావాళ్ళు ఎందుకు క్రైస్తవులైండ్రని అడుగుతారు. బియ్యం కోసమని కొందరు నవ్వుతారు. నిజామాబాద్ పక్కనే డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే డాక్టర్ కుష్ఠు రోగులకు ఆసుపత్రి పెట్టింది. ఎవరూ ముట్టుకోనివాళ్ళను ముట్టుకున్న చేతులు అవి. అంటు అంటే ఏందో తెలిసిన వాడకు ఆ ముట్టుకోవడం విలువ ఎంతో ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

నాయనమ్మకు ఇద్దరు కొడుకులు. మా బాపును బడిలో వేసినప్పుడు చర్చి వాళ్ళిచ్చిన బాప్తిస్మం కాగితం చూపించిండ్రు. ఆయన బీసీ-సీ అయిండు. చిన్నాయనను వేసినప్పుడు సారు కులం మాత్రమే అడిగి, మాల, హిందువు అని రాసుకున్నడు. ఒకటే కడుపు, ఒకటే వాడ, ఒకటే చర్చి. ఒకరికి 15 శాతంలో చోటు, ఇంకొకరికి 1 శాతంలో. ఎవరన్నా కులం పేరుతో కొడితే చిన్నాయనకు 1989 అట్రాసిటీ చట్టం ఉంది, బాపుకు లేదు. కొట్టేవాడు మాత్రం సర్టిఫికెట్ చూసి కొట్టడు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా పటేల్ నాయనమ్మను పేరు పెట్టి పిలవలేదు, కులం పేరుతోనే పిలిచిండు.

ఒక సంగతి ఒప్పుకోవాలె. చిన్నాయన కొడుక్కు సర్కారు ఉద్యోగం వచ్చినప్పుడు నాకు కడుపు మండింది. చాలా ఏళ్ళు వాళ్ళింటికి సరిగ్గా పోలేదు. తప్పు చేసింది వాళ్ళే అనుకున్నా.

తప్పు ఎక్కడుందో చదువుకున్నాక తెలిసింది. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు ఎస్సీ కాదని దాని మూడో పేరా చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు బయటే ఉండిపోయారు. మతం షరతు తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబర్ 26న, సరిగ్గా రాజ్యాంగ దినోత్సవం నాడు, పుదుచ్చేరి మహిళ సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. క్రైస్తవం పాటిస్తూ ఉద్యోగం కోసం ఎస్సీ అని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనన్నది. మా తమ్ముడు ఫోటోకు భయపడేది అందుకే.

పోయినేడు వేయించిన నాయనమ్మ రాయి మీద బాప్తిస్మం పేరుంది. ఆమె ఓటర్ కార్డు మీద ఊరి దేవత పేరుంది. బతికినన్నాళ్ళు కాగితం మీద హిందువు, చచ్చాక రాతి మీద క్రైస్తవురాలు. మాకు మా పేరుతో బతికే చోటు సమాధి దగ్గరే దొరికింది.

ఈస్టర్ ప్రసంగాల్లో పరలోకం గురించి చాలా విన్నాను. సువార్తలో నాకు గుర్తుండేవి వేరే రెండు సంగతులు. ఆ సాయంత్రం శిష్యులు భయపడి తలుపులు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళను దేవుడు పిరికివాళ్ళని తిట్టలేదు, లోపలికే వచ్చి సమాధానం చెప్పాడు. మా తమ్ముడు కూడా తలుపులు వేసుకున్నవాడే, వాణ్ని నేను తిట్టను. రెండోది, ఆ పొద్దున సమాధికి బయలుదేరిన ఆడవాళ్ళు. రాయి ఎవరు దొర్లిస్తారని దారిలో అనుకుంటూనే నడిచారు. రాయి తీసే బలం లేదని ఇంట్లో ఆగిపోలేదు.

మన ముందున్న రాయి ఆ మూడో పేరా. దాన్ని తీయమని అడగాల్సింది బీసీ-సీ వాళ్ళం మేమొక్కళ్ళమే కాదు. ఎస్సీ కాగితం ఉన్న అన్నదమ్ములూ, మతంతో సంబంధం లేని అంబేద్కరైట్ మిత్రులూ అడగాలె. వాటా తగ్గుతుందని భయపడేవాళ్ళు మనలోనే ఉన్నారు. ఆ భయం నిజమైందే. జనాభా కలిస్తే వాటా కూడా పెరగాలని కలిసి కొట్లాడుదాం. అంతేగానీ ఒకే తల్లి పిల్లలు ఒకరినొకరు పట్టించుకునే పని చేయకూడదు.

ఆ పొద్దున ఫోటో తీయలేదు. సున్నం కొంచెం మిగిలితే అమ్మ బకెట్ వాడి చేతికిచ్చింది. "అక్షరాలకు అంటకుండా పుయ్యి బిడ్డా, పేరు కనవడాలె" అన్నది. వాడు మోకాళ్ళ మీద కూర్చుని, నాయనమ్మ పేరు చుట్టూ మెల్లగా పూసిండు.

జై భీమ్.