పాదాలు కట్టిన తల్లి

జుంగ్ చాంగ్ తన చైనా కుటుంబం గురించి రాసిన ‘వైల్డ్ స్వాన్స్’లో నేను ఆమె అమ్మమ్మ పాదాల దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. అప్పటికి ఆ అమ్మమ్మ రెండేళ్ల పిల్ల. బొటనవేలు వదిలి మిగతా వేళ్లు అరికాలి కిందికి మడిచి, గుడ్డతో బిగించి, పైన బండరాయి పెట్టారు. చేసింది కన్నతల్లే. పిల్ల అరుపులకు తానూ ఏడుస్తూ, రేపు అత్తవారింట చిన్నచూపు చూస్తారన్న భయంతో చేసింది. ఆ తల్లికి పుట్టింటివాళ్లు పేరు కూడా పెట్టలేదు. రెండో పిల్ల అని పిలిచేవారట. ఆమెను తిట్టుకోవడానికి నాకు మనసు రాలేదు.

ఆ పాదాల పిల్లనే 1924లో తండ్రి ఒక సేనానికి ఉంపుడుగత్తెగా ఇచ్చాడు. అతను మరణశయ్య మీద ఉన్నప్పుడు, బిడ్డ తనకు దక్కదని తెలిసి, పాపను ఎత్తుకుని ఆ ఇంటి నుంచి పారిపోయింది. ఎంత ధైర్యం!

ఆ పాపే, అంటే జుంగ్ చాంగ్ తల్లి, పెద్దయ్యాక కమ్యూనిస్టు విప్లవంలో చేరింది. సమానత్వం కోసమే కదా చేరింది! 1949లో దక్షిణానికి సాగిన ప్రయాణంలో భర్త హోదాకు జీపు దక్కింది, గర్భిణి అయిన ఆమెకు నడక. గర్భం పోయింది. నియమం తప్పని ఆ భర్త నిజాయితీపరుడే. అయినా ఆ పేజీల్లో అతన్ని నేను క్షమించలేకపోయాను. సాంస్కృతిక విప్లవంలో అతన్ని వేధిస్తున్నప్పుడు, ఎంత ఒత్తిడి చేసినా ఆమె మాత్రం అతన్ని వదల్లేదు.

ఇవన్నీ ఆమె 1988లో లండన్‌కు వెళ్లినప్పుడు కూతురు జుంగ్ చాంగ్‌కు చెప్పింది. రోజుల తరబడి, టేపుల కొద్దీ. 1991లో పుస్తకమైంది. చైనాలో మాత్రం నిషేధించారు.