బాహుదా ఒడ్డు నుంచి కుప్పం దాకా

మదనపల్లెలో బాహుదా ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. ఆ ఏటి ఒడ్డు ఊరికి 1863లో జేకబ్ చాంబర్లేన్ అనే అమెరికా పాస్టరు వచ్చి స్థిరపడ్డాడు. ఆయన వైద్యుడు కూడా. ఆయన్ని పంపిన సంఘం పేరులో అప్పటికింకా ‘డచ్’ అనే మాట ఉంది. న్యూయార్క్ ఇంకా న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉన్న రోజుల్లో, 1628లో, హాలెండు నుంచి వలసపోయినవాళ్లు పెట్టుకున్న సంఘం అది. పేరులోంచి ఆ మాటను 1867లో తీసేశారు. పులికాట్‌లో, భీమిలిలో డచ్చివాళ్లు సరుకు కోసం వచ్చి సమాధులు మిగిల్చి పోయారు. వాళ్ల మతశాఖ అమెరికా చుట్టి మన మెట్టసీమకు చేరి ఆస్పత్రులు మిగిల్చింది. నాకు ఈ రెండో రాకే పెద్దదనిపిస్తుంది.

చాంబర్లేన్ తెలుగు నేర్చాడు. గుర్రమెక్కి తెలుగు దేశంలో గోదావరి దాకా తిరిగాడు. తెలుగు బైబిలును సవరించిన సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా ఉన్నాడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. తర్వాత 1911లో మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి వచ్చింది. ఊరివాళ్లకు అది మిషన్ ఆస్పత్రి.

కుప్పం రోడ్డెక్కే ముందు మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం చూడాలి. ఈ పొడిగాలినే నమ్ముకుని, అనేక మిషన్లు కలిసి 1912లో తలపెట్టిన క్షయ శానిటోరియం అది. డెన్మార్క్ డాక్టరు ఫ్రిమొట్-మోలర్ దాన్ని నిలబెట్టాడు. స్ట్రెప్టోమైసిన్ లేని కాలంలో రోగికి మందంటే గాలి, ఎండ, తిండి, విశ్రాంతి. ఇంటివాళ్లే దగ్గరికి రావడానికి జంకే జబ్బు మనిషికి అక్కడొక మంచం దొరికింది. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైందీ మదనపల్లెలోనే. ఠాగూరు 1919లో ఇక్కడ జనగణమనను ఇంగ్లీషు చేశాడని పిల్లలందరికీ చెబుతాం. ఈ టీకా సంగతి కూడా చెప్పాలి.

టమాటా క్రేట్ల లారీల వెనకాలే దక్షిణంగా పోతే పుంగనూరు. పొట్టి ఆవులకు పేరుపడ్డ ఈ జమీందారీ ఊరికి చాంబర్లేన్ కంటే నూటయాభై ఏళ్ల ముందే ఫ్రెంచి జెస్యూట్లు వచ్చారు. కాషాయం కట్టి, మాంసం మానేసి, సన్యాసుల్లా బతికారు.

తర్వాత పలమనేరు. నీలగిరి దారి తెరుచుకోకముందు తెల్లదొరలు వేసవికి ఇక్కడికే వచ్చేవారు. చాంబర్లేన్ ఇక్కడో ఆస్పత్రి పెట్టాడు. ఇక్కణ్నుంచి కుప్పం దాకా ఏనుగుల అడవి అంచున ప్రయాణం.

కుప్పం సంతలో బేరం తెలుగులో మొదలై అరవంలోకో కన్నడంలోకో జారిపోతుంది. చాంబర్లేన్ పనిచేసిన ఆర్కాట్ మిషన్ పని కూడా చాలావరకు అరవంలో సాగింది. దాని తెలుగు కేంద్రం మదనపల్లె. 1947లో ఈ చర్చిలన్నీ దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. ఆ మిషనరీల కాగితాలు అమెరికాలో న్యూ బ్రన్స్‌విక్‌లో ఉన్నాయి. వాటిలో వాళ్ల మాటే వినిపిస్తుంది. వైద్యం పొందినవాళ్ల మనుమలు, మునిమనుమలు ఈ దారి పొడుగునా ఉన్నారు. వాళ్ల ఇళ్లలో చెప్పుకునే సంగతుల్ని మూడు భాషల్లోనూ రాసిపెట్టగలిగే ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి కుప్పంలోనే ఉంది. ఆ పని అక్కడి విద్యార్థులు ఇప్పుడే మొదలుపెట్టాలని నా కోరిక.