కోరంగి మెట్లు

గత వేసవి సెలవులలో మారిషస్ దేశం చూచి వచ్చాను. కొండలనూ కడలినీ చూడాలని వెళ్ళినవాడిని, ఒక పాఠం నేర్చుకుని తిరిగి వచ్చాను. అది తోటి ఉపాధ్యాయులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

రాజధాని పోర్ట్ లూయిస్ రేవులో ఆప్రవాసీ ఘాట్ ఉంది. చెరకు తోటలలో ఒప్పంద కూలీలుగా వచ్చిన భారతీయులు ఓడ దిగి ఎక్కిన రాతిమెట్లు అక్కడ నేటికీ పదిలంగా ఉన్నాయి. 2006లో యునెస్కో ఆ స్థలాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అక్కడి తెలుగువారికి ‘కోరంగి’ అని పేరు. కాకినాడ దగ్గరి కోరంగి రేవే ఆ పేరుకు మూలం.

మరునాడు నైరుతి మూలనున్న లె మోర్న్ కొండను చూచాను. బానిసత్వం నుండి పారిపోయినవారు తలదాచుకున్న కొండ అది. ఆ సాయంత్రం తీరగ్రామంలో ఒక తెలుగు కుటుంబం నన్ను ఆదరించింది. ఇంట వారి మాట క్రియోల్. నేను తెలుగులో పలకరిస్తే చిరునవ్వే సమాధానం. అయితే రాత్రి దీపం చుట్టూ రామభజనం మొదలుకాగానే అందరి నోటా తెలుగే!

ఆ ఇంటి పదేళ్ళ పాప తన బడి పుస్తకం తెచ్చి, ఒత్తులు తప్పకుండా ఒక పాఠం చదివింది. అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు ఒక ఐచ్ఛిక విషయం. చదవడం ముగించి, కొన్ని మాటలకు అర్థం నన్నే అడిగింది.

నేను సిగ్గుపడ్డాను. బెంగళూరులో మా పిల్లలకు అర్థాలన్నీ తెలుసు, అక్షరాలే రావు. అక్కడ మాట పోయినా అక్షరాన్ని నిలుపుకున్నారు. ఇక్కడ మాట ఉండగానే అక్షరాన్ని జారవిడుస్తున్నాము.

పరుల మాట ఎందుకు? మార్కులు బాగా వస్తాయని మా అబ్బాయికి రెండవ భాషగా తెలుగు వద్దన్నది తెలుగు పంతులునైన నేనే. రోజూ ఫోనులో చక్కని తెలుగు మాట్లాడతాడు. ఈ వ్యాసం మాత్రం చదవలేడు. నేను చదివి వినిపించాలి.

ఇప్పుడు ఆదివారాలు మనవరాలిచేత ఓనమాలు దిద్దిస్తున్నాను. పక్కన వాళ్ళ నాన్న కూడా కూర్చుంటే బాగుండునని ఉంది. ఇంకా అడగలేదు.